బండి దగ్గర ఎవరున్నారు?

ఈ పేజీకి వచ్చేముందు మీరు పచ్చళ్ళ పేజీ చదివే ఉంటారు. అక్కణ్ణుంచి ఒక్క ఊపున తుపాకుల్లోకి లాక్కొచ్చానని కోప్పడకండి. నేను చెప్పబోయేది నిజం తుపాకుల సంగతి కాదు లెండి. మన పిల్లలు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గది తలుపు ఓరగా వేసుకుని, “వెనకాల... వెనకాల చూడు!” అని అరుస్తూ ఆడుతుంటారే, ఆ కంప్యూటర్ ఆటల్లో ఒకదాని సంగతి. దాని పేరు ఓవర్‌వాచ్. నలభై దాటిన గృహిణిని, నేను ఆ ఆట ఆడతాను. వారానికి మూడు రాత్రులు, గిన్నెలు సర్ది, పాలు తోడుపెట్టి మరీ ఆడతాను. నవ్వొచ్చిందా? నవ్వండి, ఫరవాలేదు. మా అత్తయ్యగారు కూడా నవ్వారు. “ఈ వయసులో తుపాకీ పట్టావుటే!” అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పారు.

నన్నీ ఆటలోకి దింపింది మా అమ్మాయి. పుణేలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ తన పాత కంప్యూటర్ ఇక్కడే వదిలేసింది. రోజూ ఫోన్ చేస్తుంది. “తిన్నావా?” “తిన్నా.” “ఏం తిన్నావు?” “ఏదో ఒకటిలే అమ్మా.” “ఒంట్లో బాగుందా?” “బాగుంది.” అంతే! ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచదు. అలాంటి ఒకరోజున తనే, “నువ్వూ నాతో ఆడరాదూ? ఆడుకుంటూ మాట్లాడుకోవచ్చు” అంది. ఆటకి డబ్బు కట్టక్కర్లేదు. కంప్యూటర్ ఉంది. ఇంటర్నెట్ మా వారు వార్తల కోసం పెట్టించిందే ఉంది. ఇక అడ్డేముంది?

ముందు ఆట ఏమిటో చెప్తాను. బ్లిజార్డ్ అనే అమెరికా కంపెనీ దీన్ని 2016 మే నెలలో తెచ్చింది. 2022 అక్టోబరులో రెండో భాగమంటూ మార్చి, అప్పట్నుంచీ ఉచితం చేసింది. కథ భవిష్యత్తులో జరుగుతుంది. తెలివి వచ్చిన యంత్రాలకీ మనుషులకీ పెద్ద యుద్ధం జరిగి ఆగిపోయిన తర్వాతి లోకం. ఆ యుద్ధాన్ని ఆపడానికి ఐక్యరాజ్య సమితి ఏర్పాటు చేసిన దళం పేరే ఓవర్‌వాచ్. అందులో మనుషులున్నారు, మరమనుషులున్నారు, మాట్లాడే గొరిల్లా కూడా ఉంది!

ముఖ్యమైన పద్ధతిలో ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. మొదట్లో ఆరుగురేసి ఉండేవారు, 2022లో ఐదుగురయ్యారు. ఆ ఐదుగురిలో ఒకరు ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవారు, వాళ్ళని ట్యాంక్ అంటారు. ఇద్దరు కాల్చేవాళ్ళు. ఇద్దరు గాయాలు మాన్పేవాళ్ళు, అంటే సపోర్ట్. మీరు ఏ పని ఎంచుకుంటే ఆ పనికి తగ్గ వేషాలు చాలా ఉంటాయి. డాలు పట్టిన జర్మనీ ముసలి వీరుడు రైన్‌హార్ట్ ఉన్నాడు. రెక్కలు కట్టుకున్న స్విట్జర్లాండ్ డాక్టరమ్మ మెర్సీ ఉంది. మన తెలుగు గడ్డకీ ఓ చుట్టరికం ఉందండోయ్! సిమెట్రా అని ఒక పిల్ల ఉంది. అసలు పేరు సత్యా వస్వానీ. ఇంటిపేరు సింధీ వాళ్ళదే గానీ, కథ ప్రకారం ఆమె పుట్టింది హైదరాబాద్‌లో. వెలుతురుని గట్టిపరిచి గోడలు కట్టడం ఆమె విద్య. నాకు అందరికంటే నచ్చింది మాత్రం ఆనా. ఈజిప్టు ఆవిడ. వయసు అరవై పైబడింది. ఒక కన్ను పోయింది. పెద్ద కూతురుంది, ఆ కూతురూ ఈ ఆటలో ఒక వేషమే. ఆనా చేతిలో ఉన్న తుపాకీతో మనవాళ్ళని కాలిస్తే గాయం మానుతుంది, ఎదుటివాళ్ళని కాలిస్తే గాయమవుతుంది. ఒకే నోటితో ఒకణ్ణి బుజ్జగించి, ఇంకొకణ్ణి కసిరే తల్లులం కదా మనం, ఆ తుపాకీ సంగతి మనకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు!

తుపాకీ చేతికి అలవాటవడం

తుపాకీ పట్టడం కుట్టు మిషను తొక్కడం లాంటిదే. మొదటిరోజు చెయ్యి ఒకచోట, కాలు ఒకచోట, దారం ఇంకోచోట. ఎడమచేత్తో నాలుగు మీటలు నొక్కుతూ నడవాలి. కుడిచేత్తో మౌస్ కదుపుతూ చూడాలి. ఈ రెండూ ఒకేసారి జరగాలి. మొదటి వారం నాకు తల తిరిగి, వాంతి వచ్చేలా ఉండేది. ఇది చాలామందికి ఉండేదేనట. దానికి ఉపాయాలున్నాయి. గదిలో లైటు వేసుకుని, తెరకి కాస్త దూరంగా కూర్చోవాలి. సెట్టింగుల్లో తెర వణుకుని తగ్గించే మీట ఉంటుంది, అది వేసుకోవాలి. రోజుకి పావుగంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. పది రోజులకి నా తల తిరగడం ఆగింది.

రెండోది మౌస్ వేగం. కొత్త కంప్యూటర్లలో మౌస్ ఇలా కదిపితే అలా గిర్రున తిరుగుతుంది. ఆ వేగాన్ని బాగా తగ్గించుకోవాలి. అప్పుడు పక్కకి తిరగాలంటే చెయ్యంతా కదపాలి, చిన్న సవరింపుకి మణికట్టు చాలు. రుబ్బురోలు తిప్పిన చేతికి ఈ సూత్రం కొత్తేమీ కాదు. పెద్ద తిప్పు భుజం నుంచి, చిన్న సర్దుబాటు మణికట్టు నుంచి!

మూడోది గురి. తెర మధ్యలో చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ నడవకూడదు. ఎప్పుడూ మనిషి తల ఎత్తులో ఉంచుకుని నడవాలి. మూల తిరిగేటప్పుడు ఎదుటివాడు ఎక్కడ కనిపిస్తాడో ముందే ఊహించి అక్కడ పెట్టుకోవాలి. వాడు కనిపించాక వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది. చాలా తుపాకులకి తలమీద తగిలితే దెబ్బ రెండింతలు.

ఇక తుపాకులు రెండు జాతులు. కొన్ని నొక్కగానే తగులుతాయి. సోల్జర్ సెవెంటీసిక్స్ అనే మాజీ సైనికుడి తుపాకీ అలాంటిదే, కొత్తవాళ్ళు చెయ్యి కుదుర్చుకోవడానికి మంచిది. ఇంకొన్నిటికి గుండు ప్రయాణం చేసి వెళ్ళాలి. హాంజో అనే జపాన్ వాడి బాణం, ఫారా అనే అమ్మాయి రాకెట్టు ఈ రెండో జాతివి. ఇక్కడ మనిషి ఉన్నచోటికి కొడితే తగలదు, ఉండబోయే చోటికి కొట్టాలి. బస్టాపులో మనమందరం చేసే పనే ఇది. డ్రైవరు స్టాపు దాటించి ఎక్కడ ఆపుతాడో అంచనా వేసి, బస్సు రాకముందే అక్కడికి పరిగెడతాం కదా!

గుళ్ళకి కరువు లేదు. తుపాకీ ఖాళీ అయితే మళ్ళీ నింపుకోవడమే, ఎన్నిసార్లయినా. చిక్కల్లా నింపుకునే ఆ ఒకటి రెండు సెకన్లే. గ్యాసుబండ సరిగ్గా చుట్టాలొచ్చినప్పుడే ఖాళీ అయినట్టు, గుళ్ళు కూడా ఎదురుగా మనిషి ఉన్నప్పుడే అయిపోతాయి. కాబట్టి సద్దుమణిగినప్పుడు గోడచాటుకి వచ్చి నింపేసుకోవాలి. అసలు ఈ ఆటలో గోడని మించిన చుట్టం లేదు. తలుపు చాటు నుంచి పెళ్ళివారిని చూసే పిల్లలా సగం కనిపించాలి, పని చూసుకుని లోపలికి తప్పుకోవాలి.

మనకి కలిసొచ్చేది ఇంకోటుంది, చెవులు. ఎదుటివాళ్ళ అడుగుల చప్పుడు మనవాళ్ళ అడుగులకంటే గట్టిగా వినిపించేలా ఈ ఆటని తయారుచేశారు. ఎవరైనా తమ పెద్ద అస్త్రం వదలబోయే ముందు ఒక కేక వేస్తారు. ఆ కేకని బట్టి ఏం రాబోతోందో తెలుసుకుని తప్పుకోవచ్చు. హాల్లో కూర్చుని పక్కవాళ్ళతో కబుర్లాడుతూనే కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో లెక్కపెట్టే వాళ్ళం మనం. ఈ విషయంలో కుర్రాళ్ళకి ఏమాత్రం తీసిపోను నేను!

ఇలా రోజూ పది నిమిషాలు శిక్షణ గదిలో, కదిలే మరబొమ్మల మీద సాధన చేస్తే, రెండు నెలలకి తుపాకీ చెయ్యి మాట వినడం మొదలుపెట్టింది. ఇంతవరకూ సులువు. అసలు కష్టం ఆ తర్వాతే వచ్చింది.

రథం కదలాలి

ఈ ఆటలో ఎక్కువమందిని కాల్చినవాళ్ళు గెలవరు. ఇది తలకెక్కడానికి ఎవరికైనా చాలాకాలం పడుతుంది. ఎందుకంటే చేతిలో తుపాకీ పెట్టి, ఎదురుగా మనిషిని పెట్టాక, చూపు ఇంక వేరే దేనిమీదా నిలవదు.

గెలుపు ఒక పనిమీద ఆధారపడి ఉంటుంది. ఆ పని నాలుగైదు రకాలు. ఒక రకంలో ఒక బండి ఉంటుంది. దాన్ని ఒక జట్టు గమ్యం దాకా తీసుకెళ్ళాలి, రెండో జట్టు ఆపాలి. క్యూబా రాజధాని హవానా వీధుల్లో ఆ బండి రమ్ము సీసాల లారీ. స్పెయిన్ పక్కనున్న జిబ్రాల్టర్‌లో అది ఆకాశంలోకి పంపే యంత్రం. బండిని ఎవరూ చేత్తో తొయ్యక్కర్లేదు. మనవాళ్ళు ఒకరు దగ్గరగా ఉంటే నెమ్మదిగా కదులుతుంది. ముగ్గురుంటే వేగంగా కదులుతుంది. అంతకు మించి ఎందరున్నా అదే వేగం. ఎదుటివాళ్ళు ఒక్కరు దగ్గరకొచ్చి నిలబడ్డా ఆగిపోతుంది. మనవాళ్ళెవరూ లేకుండా కాసేపు వదిలేస్తే వెనక్కి జారడం మొదలుపెడుతుంది.

రెండో రకంలో ఒక చోటుని పట్టుకుని నిలబడాలి. మనం ఉన్నంతసేపూ మన లెక్క పెరుగుతూ నూటికి చేరుతుంది. మూడింట రెండు గెలిస్తే ఆట మనది. గ్రీసు దేశపు ద్వీపంలా కట్టిన ఇలియోస్‌లో ఒకచోట మధ్యలో బావి ఉంటుంది. బ్రెజిల్ కుర్రాడు లూసియో పాటల చప్పుడుతో మనల్ని వెనక్కి నెట్టేస్తాడు. ఎన్నిసార్లు ఆ బావిలో పడ్డానో లెక్కలేదు! ఇంకో రకంలో ఒక పెద్ద మరమనిషి ఉంటాడు. ఏ జట్టు చేతిలో ఉంటే ఆ జట్టు అడ్డుగోడని ఎదుటి జట్టు వైపు నెట్టుకుంటూ పోతాడు.

చిన్నప్పుడు మనం ఏడు పెంకులాట ఆడేవాళ్ళం, గుర్తుందా? బంతితో పెంకుల దొంతి పడగొట్టి, మళ్ళీ పేర్చాలి. పేర్చేలోగా అవతలి వాళ్ళు బంతితో కొడతారు. బంతిని తప్పించుకుని వీధి చివరికి పరిగెత్తిన పిల్ల దెబ్బ తగలకుండా బయటపడుతుంది గానీ, పెంకులు ఎవరు పేరుస్తారు? వంగి, వీపు మీద బంతి దెబ్బకి సిద్ధపడి, ఒక్క పెంకు పెట్టి పారిపోయిన పిల్ల వల్లే ఆట గెలిచేది. ఓవర్‌వాచ్ అచ్చం అదే. పెంకుల బదులు బండి, బంతి బదులు తుపాకీ.

మా అమ్మాయి ఆట మధ్యలో నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. “అమ్మా, బండి దగ్గర ఎవరున్నారు?” ఈ ఒక్క ప్రశ్నలో సగం ఆట ఉంది. సగం చచ్చిన శత్రువు మూల తిరిగి పారిపోతుంటే వెంటపడాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. వాడి వెంట పడ్డ పది సెకన్లలో బండి ఆగిపోతుంది. వాడు మనల్ని తనవాళ్ళ మధ్యకి లాక్కెళ్ళి దెబ్బ కొడతాడు కూడా. అందుకని కాల్చాలనిపించిన ప్రతిసారీ, దీనివల్ల బండి కదులుతుందా అని అడుగుకోవాలి. కదులుతుందనుకుంటే కాల్చాలి. కదలదనుకుంటే వదిలేయాలి.

అలాగని ఐదుగురూ బండిని పట్టుకుని వేళ్ళాడకూడదు. మంగళగిరి తిరునాళ్ళలో రథం లాగడం చూసినవాళ్ళకి ఇది తెలుస్తుంది. తాళ్ళు పట్టుకుని లాగేవాళ్ళు లాగుతారు. ముందు నడిచేవాళ్ళు జనాన్ని పక్కకి తప్పిస్తారు. చక్రాల పక్కన చెక్కలు పట్టుకున్నవాళ్ళు రథం దారి తప్పకుండా చూస్తారు. అందరూ తాడే పట్టుకుంటే రథం ఎవరింటి అరుగు మీదకో ఎక్కుతుంది. ఇక్కడా అంతే. ఒకరిద్దరు బండి దగ్గర, మిగిలినవాళ్ళు ముందు వంపులో కాపు. ముందున్నవాళ్ళు దారి ఇస్తేనే బండి దగ్గరున్నవాళ్ళు బతుకుతారు.

ఇంకో నియమం, ఒక్కొక్కరుగా పోకూడదు. పడిపోయినవాళ్ళు కొన్ని సెకన్లలో మళ్ళీ లేస్తారు గానీ, లేచేది మొదలుపెట్టిన చోటే. అక్కణ్ణుంచి నడిచి రావాలి. ఆత్రపడి ఒక్కరే వెళ్తే అవతల ఐదుగురు కాచుకుని ఉంటారు. వాళ్ళకి పండగ! పంక్తిలో అందరికీ విస్తళ్ళు పడ్డాకే వడ్డన మొదలుపెడతాం కదా, అలాగే ఐదుగురూ చేరాకే కదలాలి. కుర్రాళ్ళకి ఆ నాలుగు సెకన్ల ఓపిక కష్టం. మనకి ఓపిక చెప్పాలా!

ఆట మొత్తంలో నాకు ఒళ్ళు జలదరించేది చివరి క్షణాలు. గడియారంలో సమయం అయిపోయినా, బండి దగ్గర మనవాళ్ళు ఒక్కరు నిలబడి ఉంటే ఆట ముగియదు. తెరమీద వత్తి కాలుతున్నట్టు ఒక గీత కాలుతూ ఉంటుంది. ఆ ఒక్కరూ తప్పుకుంటే అంతా అయిపోతుంది. తుపాకీ గురి కుదరకపోయినా, కాళ్ళు పారిపొమ్మంటున్నా, మిగిలినవాళ్ళు వచ్చేదాకా అక్కడే ఉండటం... అదే పని.

మాన్పేవాళ్ళ పని

నేను ఎక్కువగా ఆడేది ఆనా, మెర్సీ. ఇద్దరూ గాయాలు మాన్పేవాళ్ళే. మెర్సీ చేతికర్ర నుంచి పసుపు కాంతి వస్తే ఎదుటిమనిషి గాయం మానుతుంది, నీలికాంతి వస్తే వాళ్ళ దెబ్బకి బలం పెరుగుతుంది. “ఇంట్లోనూ అదే పని, ఇక్కడా అదే పనా?” అని మా వారు ఆటపట్టిస్తారు.

కానీ ఈ పని చేసేవాళ్ళకి ఈ ఆట నేర్పే మొదటి పాఠం ఏమిటో తెలుసా? ముందు నువ్వు బతికి ఉండు అని! వైద్యురాలు పడిపోతే మిగిలిన నలుగురూ వరసగా పడిపోతారు. అందుకే ఆనా వెనకాల, ఎత్తులో, గోడ పక్కన నిలబడుతుంది. మెర్సీ చావు ఖాయమని తెలిసినచోటికి దూకదు. ఒకడు తెలిసి తెలిసి ఐదుగురి మధ్యకి వెళ్ళి “కాపాడండి” అంటే, వాణ్ణి వదిలేసి మిగిలిన ముగ్గురిని చూసుకోవడం సరైన ఆట. ఈ మాట మొదటిసారి మా అమ్మాయి చెప్పినప్పుడు చాలాసేపు ఆలోచించాను. ముందు నీ ప్రాణం చూసుకో, అది కూడా జట్టు పనే అని మనకి ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా?

ఇంకోటి గమనించాను. ఆట ముగిశాక ఎవరెంత చేశారో చూపే పట్టీ ఉంటుంది. ఎందరిని పడగొట్టారు, ఎంత సాయపడ్డారు, ఎన్నిసార్లు పడిపోయారు, ఎంత దెబ్బ కొట్టారు, ఎంత మాన్పారు, ఎంత దెబ్బ కాచారు... ఆరు గడులు. బండి దగ్గర ఎంతసేపు నిలబడ్డారన్నదానికి ఆ పట్టీలో గడి లేదు! 2016లో వచ్చిన మొదటి ఆటలో దానికి ఒక పతకం ఉండేది. రెండో భాగంలో పతకాలు తీసేశారు. కాబట్టి ఎవరు నిలబడ్డారో ఆడినవాళ్ళకే తెలియాలి. ఆట అయ్యాక తోటి ఆటగాళ్ళని మెచ్చుకునే మీట ఒకటి ఉంది. బండి దగ్గర నిలబడ్డవాళ్ళని వెతికి నేను అది నొక్కుతాను.

మైకు మూసుకున్న అమ్మాయి

ఇక అసలు చెప్పాలనుకున్నది. మేమిద్దరం, ఇంకో ముగ్గురు ఎవరో తెలియనివాళ్ళు ఒక జట్టుగా ఆడుతున్నాం. హవానా వీధులు. మా అమ్మాయి డాలు పట్టిన రైన్‌హార్ట్, నేను ఆనా. మామూలుగా మేమిద్దరం మాట్లాడుకునేది మా ఇద్దరికే వినిపిస్తుంది. ఆ రోజు డాలు విరగబోతోందని చెప్పడానికి తను జట్టు మైకు వేసి, “ఎడమవైపు మెట్లమీద ఇద్దరున్నారు” అంది ఇంగ్లీషులో. అంతే. జట్టులోని ఒకడు, “ఓహో, అమ్మాయా!” అన్నాడు. ఆ తర్వాత “నీకిక్కడేం పని, వంటింట్లోకి వెళ్ళు” అన్నాడు. ఇంకా కొన్ని అన్నాడు, అవి ఈ పత్రికలో రాసేవి కావు.

నాకు చెవులు వేడెక్కాయి. వంటింట్లో పని అంతా ముగించుకునే కదా నేను ఇక్కడికొచ్చింది! మా అమ్మాయి మాత్రం గొంతు మారకుండా, “మామూలేనమ్మా. పేరు పక్కన మీట ఉంది, నొక్కు, వాడి మాట వినపడదు. నాకు వైద్యం ఆపకు” అంది. నొక్కాను. ఆపలేదు. ఇద్దరం బండి దగ్గరే నిలబడ్డాం. వత్తి సగం దాకా కాలింది. గెలవలేదు, చివరి వంపు దగ్గర ఆగిపోయింది బండి.

ఆట అయ్యాక తను వాడి మీద ఫిర్యాదు పెట్టింది. మళ్ళీ తన జట్టులో పడకుండా తప్పించే జాబితాలో వాడి పేరు వేసింది. నేను మాత్రం ఆ “మామూలే” దగ్గరే ఆగిపోయాను. అడిగితే అప్పుడు చెప్పింది. కాలేజీ రోజుల నుంచీ ఇలాంటి ఆటలు ఆడుతోంది, ఏ ఆటలో చూసినా ఇదే గోల. అందుకే మగో ఆడో తెలియని పేరు పెట్టుకుంది. తెలియనివాళ్ళతో ఆడేటప్పుడు మైకు మూసేస్తుంది. చెప్పాల్సింది ఉంటే మౌస్ మధ్య మీట నొక్కి గుర్తు పెడుతుంది, ఆ గుర్తు జట్టులో అందరికీ కనిపిస్తుంది. “ఆఫీసు మీటింగుల్లోనూ అంతేనమ్మా. నాకు తెలిసినా మాట్లాడను. తర్వాత రాసి పంపిస్తా” అంది.

చూశారా! రోజూ ఫోన్‌లో “బాగుంది” అన్న పిల్ల, పక్కపక్కన నిలబడి గంటసేపు బండి కాశాక ఈ మాట చెప్పింది. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే మన పిల్లలు చెప్పరు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో చెప్తారు. ఈ ఆటా అలాంటి పనే.

ఆట మానేయమని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. తనకి ఇష్టమైన చోటు అది. తిట్టినవాడు ఉండి, తిట్లు పడ్డది బయటకెళ్ళడం ఏం న్యాయం? అందుకని ఇంకో పని చేశాను. తర్వాతి ఆట నుంచి నేనే జట్టు మైకు వేశాను. నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషు చాలు. లెఫ్ట్, రైట్, బిహైండ్, వెయిట్, గో... ఈ ఐదు మాటలతో ఆటంతా నడుస్తుంది. నా గొంతు విని ఒక కుర్రాడు హిందీలో, “మీరు ఎవరి అమ్మగారు?” అని అడిగాడు. “రైన్‌హార్ట్ అమ్మని” అన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత “ఆంటీ, వెనకాల ఉన్నారు జాగ్రత్త” అన్నాడు. ఆ ఆట గెలిచాం లెండి. అందరూ ఇలా మర్యాదగా ఉంటారని చెప్పను. తిట్టినవాళ్ళూ ఉన్నారు, మీట నొక్కి బండి దగ్గరే ఉన్నాం.

మా అమ్మాయి ఇప్పుడు కొన్ని ఆటల్లో మైకు వేస్తుంది, కొన్నిట్లో వెయ్యదు. అది తన ఇష్టం. ఆమధ్య మాత్రం ఆఫీసు మీటింగులో తనే మాట్లాడానని చెప్పింది. గొంతు వణికిందట. వణికినా చెప్పదలుచుకున్నది పూర్తిచేసిందట.

తల్లులకి నాలుగు మాటలు

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి ఆటలు ఆడుతుంటే ఇవి గుర్తుంచుకోండి. ఈ ఆటని అమెరికాలో పదమూడేళ్ళు దాటినవాళ్ళకని గుర్తు వేశారు. అంతకంటే చిన్నపిల్లలకి తెలియనివాళ్ళ మాటలు వినపడే మైకు పూర్తిగా ఆపేసి ఉంచడం మంచిది. ఆపడం ఎలాగో మీరు కూడా నేర్చుకోండి, రెండు మీటల పని.

ఇవి పదిమంది ఒకేసారి ఆడే ఆటలు. క్యారమ్ బోర్డులా మధ్యలో ఆపి అన్నానికి రావడం కుదరదు. మధ్యలో వెళ్ళిపోతే మిగిలిన నలుగురికి నష్టం, మాటిమాటికీ అలా చేస్తే ఆటలోకి రానివ్వకుండా శిక్ష కూడా ఉంది. ఒక ఆట సుమారు పది నుంచి ఇరవై నిమిషాలు. కాబట్టి “ఇప్పుడే రా” అనే బదులు “ఇది అయ్యాక ఇంకోటి మొదలుపెట్టకు” అని చెప్పి చూడండి. మా పక్కింటివాళ్ళ ఇంట్లో ఈ ఒక్క మాటతో సగం గొడవలు తగ్గాయి.

ఆట ఉచితమే గానీ లోపల రంగురంగుల దుస్తులు అమ్ముతారు. అవి కొంటే తుపాకీ బలం ఏమీ పెరగదు, ఒట్టి సింగారమే. బ్యాంకు కార్డు వివరాలు అందులో దాచి ఉంచకండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయించండి. మణికట్టుకీ కళ్ళకీ అదే మందు.

వీలైతే ఒక్కరోజు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. మీరు ఆడకపోయినా ఫరవాలేదు. ఆట అయ్యాక మార్కులడిగినట్టు అడగకండి. “బండి ఎందాకా వచ్చింది?” అనండి. ఆ తర్వాత మీరు మాట్లాడక్కర్లేదు. వాళ్ళే చెప్పుకొస్తారు.